ఉత్తుత్తి ఊరు

తలుపు తట్టడం కూడా ఒక విద్యేనని మిషనక్కకు ఆ సోమవారమే తెలిసింది. వేలి కణుపులతో మూడుసార్లు తట్టాలి, అరచేత్తో బాదకూడదు. తట్టాక గుమ్మానికి ఎదురుగా నిలబడకూడదు, ఒక అడుగు పక్కకు జరగాలి. తుపాకీ మూతి నేలవైపు ఉండాలి. తలుపు తీసినవాళ్ళను వయసును బట్టి పిన్నీ అనో, అక్కా అనో వరసపెట్టి పిలవాలి. ఇదంతా ఫైల్లో రాసి ఉందట.

"అక్కా, లోపలికి రావచ్చా?" అన్నాడు బయట నిలబడ్డ సిపాయి. గుమ్మం పైకమ్మీకి తల తగలకుండా సగానికి వంగి ఉన్నాడు. అంత పొడుగు మనిషి. ఆడవాళ్ళు మొదటి గంటలోనే అతనికి నిచ్చెన అని పేరు పెట్టేశారు.

"వద్దంటే పోతావా?" అంది మిషనక్క.

నిచ్చెన తెల్లమొహం వేసి వెనక్కి చూశాడు. వెనక ఫైలు చంకలో పెట్టుకుని నిలబడ్డ పడుచు ఆఫీసరు నవ్వాడు. "మంచి ప్రశ్న. అలా అంటే పక్కింటివాళ్ళను సాక్షిగా పిలుస్తామని చెప్పు. గొంతు పెంచకు. మళ్ళీ మొదటినుంచి" అన్నాడు. నిచ్చెన తలుపు మూసి బయటికి వెళ్ళి మళ్ళీ కణుపులతో తట్టాడు.

నిజానికి అది తలుపూ కాదు, అది ఇల్లూ కాదు. ఊరి చివర మూతబడ్డ మిల్లు ఆవరణలో శాంతిదళంవాళ్ళు ప్లైవుడ్డు చెక్కలతో ఆరిళ్ళు నిలబెట్టి, మధ్యలో వీధి గీసి, రోజూ పొద్దున్నే లారీలో పన్నెండుమందిని తెచ్చి ఆ ఇళ్ళల్లో కూర్చోబెడుతున్నారు. సిపాయిలు వచ్చి సోదాలు చేయడం నేర్చుకుంటారు. ఊళ్ళోవాళ్ళు దాన్ని ఉత్తుత్తి ఊరు అంటారు. వచ్చినవాళ్ళకు తలా ఒక అట్టముక్క ఇస్తారు. మిషనక్క అట్టముక్క మీద, 'ఇంటి యజమానురాలు, భర్త లేడు, భయపడుతుంది గాని సహకరిస్తుంది' అని ఉంది. భర్త లేడన్నది నిజమే, పోయి ఆరేళ్ళయింది. మిగతా రెండింటి సంగతే ఆమె ఎవరితోనూ అనదు.

ఆమెకు ఈ మర్యాద మీద రవ్వంత కూడా నమ్మకం లేదు. మూడేళ్ళ కిందట ఇదే సైన్యం ఇదే ఊరికి వచ్చినప్పుడు తట్టడాలు లేవు, తన్నడాలే. ఇప్పుడు చేతికి 'శాంతిదళం' అని తెల్లపట్టీ కట్టుకొచ్చారు. బట్టలు కుట్టి బతికే మనిషి కనుక ఆమె కళ్ళు ముందు కుట్టు మీదికే పోతాయి. నిచ్చెన చొక్కా చేతిమీద తెల్లపట్టీ చుట్టూ, ఊడదీసిన పాత బిళ్ళ తాలూకు సూది రంధ్రాలు వరసగా అలాగే ఉన్నాయి. పాత కుట్టు విప్పినా గుడ్డ మరిచిపోదు.

మధ్యాహ్నం విరామంలో పాలావిడ ఆమె పక్కన చతికిలబడింది. పాలావిడది మిషనక్క ఇంటికి మూడిళ్ళవతల. నోట్లో నువ్వుగింజ నానదు గాని మనసు మంచిది. "ఏమోనే, నాకు మాత్రం బాగుంది. నన్ను పిన్నీ అన్నాడు. మా అల్లుడైనా అంత ముద్దుగా పిలవడు" అంది.

"పిలుస్తాడు, పిలుస్తాడు. పిలిచి ఏం అడుగుతాడో చూడు" అంది మిషనక్క.

సాయంత్రం లారీ వీధి మొదట్లో దింపింది. ఆ వీధిలో ప్రతి తలుపుకూ గడియ దగ్గర ఒక అతుకు ఉంటుంది, మూడేళ్ళ కిందటి తన్నుల గుర్తు. అప్పట్లో ఒక్క బియ్యం కొట్టాయన తలుపే ఏ దెబ్బా లేకుండా మిగిలింది. ఆయన ఎవరికీ ఏ అపకారం చేసి ఉండడు. అయినా వీధి ఆయనతో మాట మానేసింది. తలుపు విరగలేదంటే లోపాయికారీగా ఏదో ఉందని లెక్క. ఏడాది తిరక్కుండా ఆయన కొట్టు కట్టేసి ఊరొదిలిపోయాడు.

మిషనక్క లోపలికి వచ్చి గడియ పెట్టి, గుడ్డలు కత్తిరించే పెద్ద బల్ల దగ్గర కూర్చుంది. బల్ల కింద మూడువైపులా చెక్కలు బిగించి ఉన్నాయి. నాలుగోవైపు చెక్కకు మేకులు కొట్టి పీలికల సంచులు వేలాడదీసింది. ఆ చెక్క పక్కకు జరుగుతుంది. దాని వెనక ముప్ఫై ఏడు రోజులుగా ఆమె తమ్ముడు ఉన్నాడు.

తమ్ముడు లారీ డ్రైవరు. కొండమీది తుపాకులవాళ్ళు రెండుసార్లు అతని లారీ ఆపి సామాను ఎక్కించారు. కాదంటే అక్కడే కాల్చేసేవాళ్ళు. ఇప్పుడు సంధి కుదిరింది. కొండవాళ్ళకు సాయం చేసినవాళ్ళ జాబితా శాంతిదళం దగ్గర ఉంది, అందులో తమ్ముడి పేరుంది. జాబితాలో ఉన్నవాళ్ళను 'నాలుగు మాటలు అడిగి పంపించేస్తాం' అని తీసుకెళ్తారు. ఆ నాలుగు మాటలూ అయిపోయి తిరిగొచ్చినవాణ్ణి ఆ వీధి ఇంతవరకూ చూడలేదు.

అక్కాతమ్ముళ్ళ మధ్య ఒక ఏర్పాటుంది. కుట్టుమిషను ఆడుతూ ఉంటే ఇంట్లో కొత్తవాళ్ళెవరూ లేనట్టు, తమ్ముడు కాళ్ళు చాపుకోవచ్చు, దగ్గుకోవచ్చు. మిషను కుట్టు మధ్యలో టక్కున ఆగిందంటే ఊపిరి కూడా బిగబట్టాలి. ఆమె కాసేపు ఊరికే మిషను తొక్కింది. లోపలినుంచి తమ్ముడి గొంతు వచ్చింది.

"ఏం చేయించారివాళ?"

"తలుపు తీయించారు, వేయించారు. నలభైసార్లు."

"నువ్వు వాళ్ళ లారీ ఎక్కడం నాకు నచ్చలేదక్కా."

"ఎక్కనంటే ఎందుకెక్కవని అడుగుతారు. వాళ్ళ లారీలో వెళ్ళేదాని ఇల్లు వాళ్ళెందుకు వెతుకుతారు? బుర్ర పెట్టి ఆలోచించు."

చీకట్లో పడుకున్నవాడికి ఆలోచించడం తప్ప వేరే పనేముంది అని ఆమెకు తర్వాత తోచింది.

బుధవారం ఆట మారింది. ఆఫీసరు ఇంటికో ఎర్ర కవరు ఇచ్చి, "మీ ఇష్టమొచ్చిన చోట దాచండి. మావాళ్ళకు దొరక్కపోతే పాలపొడి డబ్బా మీది" అన్నాడు. జనానికి హుషారొచ్చింది. పెద్దపెద్దవాళ్ళు కూడా దొంగాట ఆడే పిల్లల్లా గోడలు తడుముతూ తిరిగారు. పాలావిడ కుడితితొట్టి తెప్పించుకుని, దాని అడుగున రెండో చెక్క వేయించి, మధ్యలో కవరు పెట్టి, పైన దాణా పోసింది.

అది చూసి మిషనక్కకు ఒళ్ళు మండిపోయింది. పక్కకు లాగి చెవిలో అంది, "నువ్వు ఇంట్లో దాచుకునే చోటు అదే కదూ?"

"అదే. ఇప్పటిదాకా ఎవడికీ దొరకలేదు, తెలుసా?"

"ఇప్పటిదాకా దొరకలేదు. ఇక దొరుకుతుంది. వాళ్ళకు కావాల్సింది కవరు కాదు పిన్నీ, మన చోట్లు."

పాలావిడ నోరు చేత్తో మూసుకుంది. అప్పటికే ఆలస్యమైపోయింది. చుట్టూ ఆరిళ్ళల్లోనూ జనం తమ తమ ఇళ్ళ రహస్యాలన్నీ వరసగా పరిచేస్తున్నారు. అటకమీద రెండో పలక, పొయ్యి వెనక కదిలే ఇటుక, పక్కబట్టల మధ్య ఖాళీ. ఆఫీసరు ఒక మూల నిలబడి రాసుకుంటున్నాడు.

మిషనక్క అంత తెలివితక్కువది కాదు. బల్ల జోలికీ చెక్కల జోలికీ పోలేదు. కిటికీ తెర విప్పి, అంచు కుట్టు నాలుగు వేళ్ళ మేర ఊడదీసి, కవరు సన్నగా మడిచి లోపల పెట్టి, పాత రంధ్రాల్లోంచే సూది పోనిచ్చి మళ్ళీ కుట్టేసింది. నిచ్చెన గుంపు అరగంట వెతికింది. వెతుకుతున్నంతసేపూ ఆఫీసరు వాళ్ళకు మెల్లగా చెప్తూనే ఉన్నాడు. "గోడలు చూడకండి. మనిషిని చూడండి. ఆమె ఎటు చూడట్లేదో అది చూడండి."

కవరు దొరకలేదు. డబ్బా చేతికిచ్చేటప్పుడు ఆఫీసరు తెర అంచు వేళ్ళతో తడిమి, "ఎంత చక్కగా కుట్టారండీ" అన్నాడు. మిషనక్కకు లోపల ఎక్కడో చల్లగా తగిలింది. పని బాగుందని ఆమెతో ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో.

అందరినీ వీధి మధ్యలో కూర్చోబెట్టి టీలు ఇచ్చాక ఆఫీసరు అడిగాడు, "సరే, మేం వచ్చాం, వెతికాం, ఏమీ దొరకలేదు, మర్యాదగా సెలవు తీసుకుని వెళ్ళిపోయాం. తర్వాత మీరేం చేస్తారు?"

"ఏం చేస్తాం, నవ్వుకుంటాం" అంది పాలావిడ. అందరూ గొల్లుమన్నారు.

మిషనక్క నవ్వలేదు. వంకరగా వేసిన కుట్టు చూసినట్టు చిరాకేసింది ఆమెకు. "నవ్వుకోవడానికి తీరికెక్కడిది?" అంది. "ముందు చోటు మార్చాలి. దొరకలేదంటే మళ్ళీ వస్తారన్నమాటేగా? వాళ్ళు వీధి మలుపు తిరగ్గానే దొడ్డిదారిన దాటించెయ్యాలి."

నవ్వులు ఆగాయి. ఆఫీసరు ఒక్క క్షణం ఆమెను చూసి, తల ఊపి, ఫైల్లో రెండు వరసలు రాసుకున్నాడు. టీ చల్లారిపోతోందని ఆమె గబగబా తాగేసింది. ఇంకేమీ తోచలేదు.

గురువారం నీడలో కూర్చుని తెరలు కుడుతుంటే తన్నుల తాత వచ్చి పక్కన బల్లమీద కూలబడ్డాడు. తాత అంటే మరీ ముసలి కాదు, యాభై దాటిన హవల్దారు. ఒకప్పుడు సిపాయిలకు తలుపులు ఎలా తన్నాలో నేర్పిన మనిషి, ఇప్పుడు మంచినీళ్ళ డ్రమ్ముకు కాపలా. ముఖం ఎప్పుడూ మాడ్చుకుని ఉంటాడు.

"కణుపులతో తట్టడం" అన్నాడు తనలో తాను అనుకుంటున్నట్టు. "మా రోజుల్లో గడియ పక్కన మడమతో. ఒకటి, రెండు, మూడు. మూడోదానికి నిలిచిన తలుపు లేదు."

"మా తలుపుకీ అతుకుంది" అంది మిషనక్క తల ఎత్తకుండా.

"ఏ వీధి?"

చెప్పింది.

"అయితే నేనే" అన్నాడు తాత. తప్పు ఒప్పుకుంటున్నట్టు అనలేదు, తాను కట్టిన గోడను గుర్తుపట్టిన మేస్త్రీలా అన్నాడు. ఆమె సూది ఆపి అతని వైపు చూసింది. అతనూ చూసి, గొంతు తగ్గించాడు. "అమ్మా, నేను తన్నితే చప్పుడయ్యేది. వీధి మొత్తం లేచేది. దొరికేవాడు దొరికేవాడు, పారిపోయేవాడు పారిపోయేవాడు. వందిళ్ళు తన్నితే ఇద్దరు దొరికితే గొప్ప. ఇప్పుడు పదిళ్ళు తడుతున్నారు, ముగ్గురు దొరుకుతున్నారు. పైవాళ్ళకు మర్యాద మీద ప్రేమ పుట్టిందనుకుంటున్నావా?"

"నాకెందుకు చెప్తున్నారు?"

"నీళ్ళ దగ్గర కూర్చున్నవాడికి మాట్లాడ్డానికి ఎవరూ ఉండరు" అని తాత లేచి వెళ్ళిపోయాడు.

ఇది వల వేయడమా, జాలా అని ఆమె సాయంత్రందాకా తర్జనభర్జన పడింది. ఏదీ తేలలేదు. ఇంటికి వచ్చి పాలపొడి కలిపిన టీ గ్లాసు చెక్క సందులోంచి అందిస్తే తమ్ముడు తీసుకోలేదు.

"ఎవరిచ్చారీ పొడి?"

"ఆటలో గెలిచాను."

"ఏం గెలిచావు?"

"దాచడం."

"ఏం దాచావక్కా? ఎక్కడ దాచావు?" అన్నాడు తమ్ముడు. గొంతులో ఉన్నది భయమైతే ఆమె ఓదార్చేది. భయం కాదది. చిన్నప్పటినుంచి తన వేలు పట్టుకుని తిరిగినవాడు తనను అనుమానిస్తున్నాడు. తెర కుట్టులో దాచానని చెప్పింది, అంతా వివరంగా చెప్పింది. ఆఫీసరు అడిగిన ప్రశ్న మాత్రం చెప్పలేదు. దాచాలని కాదు, అది చెప్పుకోవాల్సిన విషయమని అప్పటికి అనుకోలేదు.

శనివారం ఉత్తుత్తి ఊరికి సెలవు. మధ్యాహ్నం రెండింటికి మిషనక్క ఎవరిదో పరికిణీ అంచు కుడుతూ ఉంది. తలుపు మీద కణుపులతో మూడుసార్లు చప్పుడైంది.

తీయకముందే తెలిసిపోయింది ఆమెకు. కుట్టు మధ్యలో మిషను ఆపింది. తలుపు తీస్తే ఎదురుగా ఎవరూ లేరు. ఒక అడుగు పక్కన, తుపాకీ నేలకు దించి, నిచ్చెన నిలబడి ఉన్నాడు. వెనక ఇంకో ఇద్దరు.

"అక్కా, లోపలికి రావచ్చా?"

"వద్దంటే పక్కింటివాళ్ళను పిలుస్తావు. రా."

నిచ్చెన కొంచెం నవ్వి, బూట్ల మట్టి గుమ్మం బయట దులుపుకుని వచ్చాడు. అలమర మీద పాలపొడి డబ్బా చూశాడు. "మీరు కుట్టుకుంటూ ఉండండక్కా. మీ పని పాడవకూడదు, మేం చూసుకుంటాం" అన్నాడు.

మిషను ఆడితే ఇంట్లో ఎవరూ లేరని లోపలివాడు అనుకుంటాడు. ఆడించకపోతే ఎందుకు ఆడించడం లేదని వీడనుకుంటాడు. కూర్చుంది. చక్రం అర తిప్పు తిప్పి దారం పుటుక్కున తెంపింది. సూదిలోకి దారం ఎక్కించడానికి ఎంతసేపు పట్టాలో అంతసేపూ పట్టించింది. మళ్ళీ అర తిప్పు, మళ్ళీ తెంపింది. "దెయ్యం పట్టిన దారం" అని పైకే తిట్టింది. వాళ్ళు అటక చూశారు, పొయ్యి వెనక ఇటుకలు ఒక్కొక్కటే కదిపి చూశారు, పక్కబట్టలు విప్పి మళ్ళీ వాళ్ళే మడతపెట్టారు. నిచ్చెన మాత్రం ఏమీ ముట్టుకోలేదు. నిలబడి ఆమెనే చూస్తున్నాడు.

ఎటు చూడట్లేదో అది చూడండి. ఆ మాట గుర్తొచ్చి ఆమె కావాలనే బల్ల వైపు చూసింది, పీలికల సంచి వైపు చూసింది, సంచిలోంచి ఒక ముక్క లాగి చేతులు తుడుచుకుంది. బల్ల కింద చీమ చిటుక్కుమనలేదు.

"ఏమీ లేదక్కా. ఇబ్బంది పెట్టాం, ఏమనుకోకండి" అన్నాడు నిచ్చెన. పోతూ తలుపు దగ్గరగా వేసి మరీ వెళ్ళాడు.

బూట్ల చప్పుడు వీధి మలుపు దాటేదాకా ఆగి మిషనక్క ఒక్క ఉదుటున బల్ల దగ్గరికి వెళ్ళి చెక్క జరిపింది. "లే, లే. పెరటి గోడ దాటి మిల్లు కాలవలోకి పో. మళ్ళీ వస్తారు వీళ్ళు" అంది. తమ్ముడు మోచేతులమీద పాకుతూ బయటికి వచ్చాడు. మొహం తెల్లగా పాలిపోయింది. కాళ్ళు నిలవక బల్ల పట్టుకుని నిలబడ్డాడు.

పెరటి తలుపు గడియమీద చెయ్యి వేసేసరికి ఆమెకు బుధవారంనాటి టీ గ్లాసు గుర్తొచ్చింది. రెండు వరసలు రాసుకున్న కలం గుర్తొచ్చింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"వద్దు" అంది. "లోపలికి పో. మళ్ళీ బల్ల కిందకే పో."

"ఏంటక్కా?"

"వెనక కాచుకుని ఉంటారు."

"నీకెలా తెలుసు?"

అబద్ధం చెప్పి ఉంటే సరిపోయేది. మామూలుగా అయితే ఆమెకు అబద్ధం తడుముకోకుండా వస్తుంది, నెలరోజులుగా వీధి మొత్తానికి అదే చెప్తోంది. తమ్ముడి ముందు మాత్రం రాలేదు. "నేనే చెప్పాను" అంది. "వాళ్ళు అడిగితే నేనే చెప్పానురా, ఇలా పంపించేస్తామని..."

తమ్ముడు అలమర మీది డబ్బా చూశాడు. ఇందాకటిదాకా విన్నవన్నీ అతని మొహంలో ఒకటొకటే తిరుగుతుంటే ఆమె చూస్తూనే ఉంది. అక్కా అన్న పిలుపులు, ఇబ్బంది పెట్టామన్న మాటలు, ఆడీ ఆడక ఆగిన మిషను.

"పొమ్మన్నదీ నువ్వే. ఉండమంటున్నదీ నువ్వే" అన్నాడు మెల్లగా. "నన్నిక్కడ ఎంతసేపు ఆపమన్నారు?"

"ఒరేయ్, నీకు నేను..."

ఆమె చెయ్యి పట్టుకునేలోపే అతను పెరటి తలుపు కాక వీధి తలుపు తెరిచాడు. అక్క మాటల్లో వెనక కాపు ఉందన్నదొక్కటే నమ్మి వీధివైపు పరిగెత్తాడు. వీధిలో, గుమ్మానికి ఒక అడుగు పక్కన, నిచ్చెన నిలబడి ఉన్నాడు. మలుపు దాటిన బూట్లు రెండు జతలేనని ఆమె అప్పుడు లెక్క కట్టుకుంది.

కొట్టలేదు, తిట్టలేదు. భుజం మీద చెయ్యి వేసి, "రండి, నాలుగు మాటలు అడిగి పంపించేస్తాం" అన్నాడు. జీపు చప్పుడు లేకుండా మలుపులో వచ్చి ఆగింది. వీధిలో ఒక్కో తలుపే కాస్త కాస్త తెరుచుకుంది. పాలావిడ చేతిలో చెంబుతో గుమ్మంలోనే నిలబడిపోయింది.

తమ్ముణ్ణి ఎక్కించాక నిచ్చెన వెనక్కి వచ్చాడు. "అక్కా, చెప్పుల్లేకుండా వచ్చేశాడు. ఇస్తారా?" ఆమె లోపలికి వెళ్ళి బల్ల కిందినుంచి చెప్పులు తీసి తెచ్చి ఇచ్చింది. తమ్ముడు చలికి కాదు, సిగ్గుకు కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడని ఆమెకు తెలుసు. వాడి కాళ్ళకు చెప్పులుండాలి, అదొక్కటే ఆలోచన.

"థాంక్సక్కా" అన్నాడు నిచ్చెన. ఫైల్లో అలా అనమని రాసి ఉంటుంది. ఆ మాట వీధి చివరిదాకా వినబడింది. జీపులోంచి తమ్ముడు ఆమెను చూశాడు, ఆమె చేతుల్లోంచి నిచ్చెన చేతుల్లోకి మారిన చెప్పులను చూశాడు, మొహం అటు తిప్పుకున్నాడు. జీపు వెళ్ళిపోయింది.

"పిన్నీ" అంది మిషనక్క.

పాలావిడ ఆమె మొహం చూడలేదు. ఆమె వెనకున్న తలుపును చూస్తోంది. మిగతావాళ్ళూ దాన్నే చూస్తున్నారు. మూడేళ్ళనాటి అతుకు తప్ప దానిమీద కొత్త గీత ఒక్కటి లేదు. గొళ్ళెం గొళ్ళెంలా ఉంది, చెక్క ఎక్కడా చిట్లలేదు. పాలావిడ చెంబు పట్టుకుని లోపలికి వెళ్ళింది, తలుపు వేసుకుంది. తర్వాత ఆ పక్కిల్లు, ఆ తర్వాత ఎదురిల్లు.

మిషనక్క తన గుమ్మం ముందు చాలాసేపు నిలబడింది. తర్వాత లోపలికి వెళ్ళలేదు. తలుపు దగ్గరగా వేసి, రెండడుగులు వెనక్కి జరిగి, చీర కుచ్చిళ్ళు చేత్తో ఎత్తిపట్టుకుని, గడియ పక్కన మడమతో తన్నింది. ఒకటి. రెండు. మూడు. ప్రతిసారీ శక్తికొద్దీ తన్నింది, మూడోసారికి కాలు బెణికింది. లోపల గడియ పెట్టి లేదు. తలుపు గోడకు తగిలి, మెల్లగా వెనక్కి వచ్చి ఆగింది.